మీటర్‌లో 4 వోల్టులు, అయినా మాడ్యూల్ రీసెట్

సెల్యులార్ మాడ్యూల్‌కి (పరికరాన్ని మొబైల్ నెట్‌వర్కుకి కలిపే చిన్న బోర్డు) సప్లై ఇవ్వగానే ఎల్ఈడీ మిణుకుమనడం మొదలుపెడుతుంది. ఏడెనిమిది సార్లు మిణుకుమంటుంది, ఒక క్షణం ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. సిమ్ కార్డు తీసి తుడిచి పెడతారు. యాంటెన్నా మారుస్తారు. ప్రోగ్రాం తిరగరాస్తారు. చివరికి సప్లై పిన్నుల మీద మల్టీమీటర్ పెడితే 4.0 వోల్టులు కదలకుండా కనిపిస్తుంది. దాంతో సప్లైకి క్లీన్ చిట్ ఇచ్చేసి, మాడ్యూల్ పోయిందని పక్కన పడేస్తారు. ఇలా చెత్తబుట్టలో చేరిన మాడ్యూళ్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు.

మీటర్ చూపించేది సగటు. మాడ్యూల్‌ని పడగొట్టేది సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని ఒక గుంట, అంటే సప్లై వోల్టేజ్ ఒక్కసారిగా పడి లేవడం. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

2జీ మొబైల్ పద్ధతి అయిన జీఎస్ఎంలో ఒక ఫ్రీక్వెన్సీని ఎనిమిది మంది వంతులవారీగా వాడుకుంటారు. ఒక్కో ఫ్రేము 4.615 మిల్లీసెకన్లు, అందులో ఒక్కో వంతు 577 మైక్రోసెకన్లు. అంటే మాట్లాడుతున్నంతసేపూ మాడ్యూల్ సెకనుకి సుమారు 217 సార్లు ట్రాన్స్‌మిటర్‌ని వేసి ఆపుతుంది. పాత స్పీకర్ పక్కన ఫోన్ పెడితే కాల్ రాబోయే ముందు వినిపించే ఆ ‘గర్ర్’ చప్పుడు ఇదే 217 హెర్ట్జ్. 900 మెగాహెర్ట్జ్ బ్యాండులో మామూలు హ్యాండ్‌సెట్ తరగతి మాడ్యూల్ గరిష్ఠంగా 2 వాట్లు ప్రసారం చేస్తుంది. ఆ వంతు నడిచినంతసేపు సప్లై నుంచి 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, వంతు అయిపోగానే పదుల మిల్లీ ఆంపియర్లకు దిగిపోతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 4.0 వోల్టుల సప్లై ప్రతి వంతులోనూ 3.2కి పడుతోందనుకుంటే, ఎనిమిదింట ఒక వంతు సమయం మాత్రమే 0.8 వోల్టుల లోటు. సగటున పోయేది 0.1. మీటర్‌లో కనబడేది 3.9. సిమ్800ఎల్ అనే 2జీ మాడ్యూల్‌కి కావలసింది 3.4 నుంచి 4.4 వోల్టులు. కాబట్టి 3.9 చూసిన మనిషి నిశ్చింతగా ఉంటాడు, 3.2 చూసిన మాడ్యూల్ ఆగిపోతుంది.

ఇంకో చిక్కుంది. బల్ల మీద రోజంతా పనిచేసిన పరికరం, బిగించాల్సిన చోటికి తీసుకెళ్తే గంటకోసారి రీసెట్ అవుతుంది. కారణం టవర్. మాడ్యూల్ ఎంత శక్తితో ప్రసారం చేయాలో నెట్‌వర్కే చెబుతుంది. 900 బ్యాండులో 33 డీబీఎం (ప్రసార శక్తి కొలత, ఇది ఆ 2 వాట్లే) నుంచి 5 డీబీఎం దాకా, 2 డీబీ మెట్లుగా. టవర్ దగ్గర్లో ఉంటే మాడ్యూల్ గుసగుసలాడితే చాలు, దూరంగా ఉంటే గొంతు చించుకోవాలి. అయితే నెట్‌వర్కుని మొదటిసారి పలకరించేటప్పుడు ఈ సర్దుబాటు ఇంకా జరిగి ఉండదు. ఆ సెల్ అనుమతించే గరిష్ఠ శక్తితోనే పిలుస్తుంది. సప్లై బలహీనంగా ఉన్నప్పుడు రిజిస్ట్రేషన్ దగ్గరే, అంటే ఆన్ చేసిన కొన్ని సెకన్లకే, మాడ్యూల్ పడిపోవడానికి ఇదే కారణం. మొదట్లో చెప్పిన ఏడెనిమిది మిణుకులు ఆ కొన్ని సెకన్లే. అందుకని బల్ల మీద నెగ్గిన సప్లైని నమ్మడానికి లేదు. గరిష్ఠ శక్తి దగ్గర నెగ్గిందా అన్నదే పరీక్ష.

గుంట ఆకారం

వోల్టేజ్ క్షణక్షణానికీ ఎలా మారుతోందో గీసి చూపే ఓసిలోస్కోప్ ఉంటే పని తేలిక. ప్రోబ్‌ని మాడ్యూల్ సప్లై పిన్నుల మీదే పెట్టాలి, రెగ్యులేటర్ (వోల్టేజ్‌ని దించి నిలకడగా ఉంచే చిప్పు) దగ్గర కాదు. అడ్డంగా డివిజన్‌కి 1 మిల్లీసెకను, నిలువుగా అర వోల్టు, ట్రిగ్గర్ 3.7 వోల్టుల దగ్గర, కిందికి దిగే అంచు మీద, సింగిల్ షాట్‌లో, అంటే మొదటి గుంటకే తెర ఆగేలా. కాల్ నడుస్తుంటే 4.6 మిల్లీసెకన్ల ఎడంతో గుంటల వరుస కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ అప్పుడైతే ఇంత ఒత్తుగా ఉండవు, చిన్న గుంపులుగా వస్తాయి.

ఒక జాగ్రత్త. ప్రోబ్‌కి ఉండే పొడుగాటి గ్రౌండ్ క్లిప్పు యాంటెన్నా పక్కన మరో యాంటెన్నాలా పనిచేస్తుంది. సప్లైలో లేని నూగంతా తెర మీద కనిపిస్తుంది. క్లిప్పు తీసి, ప్రోబ్ మొనకి తగిలించే చిన్న స్ప్రింగు వాడాలి. స్కోప్‌లో 20 మెగాహెర్ట్జ్ పరిమితి ఆన్ చేయాలి. అయినా అనుమానం ఉంటే ప్రోబ్ మొననీ గ్రౌండునీ కలిపి అదే గ్రౌండు బిందువు మీద పెట్టి చూడాలి. అప్పుడూ కనిపించేదంతా గాలిలోంచి పట్టుకున్నదే.

చాలామంది ఇక్కడ ‘ఎంత పడింది’ అని మాత్రమే చూసి, ఛార్జ్ నిల్వ ఉంచే కెపాసిటర్ పెంచేసి ఊరుకుంటారు. ఎలా పడింది అన్నది చూస్తే దోషి ఎవరో తెలిసిపోతుంది.

నిలువుగా ఒక మెట్టు దిగి, అడుగున చదునుగా సాగి, మళ్లీ నిలువుగా లేస్తే అది రెసిస్టెన్స్ పని. 2 ఆంపియర్లకి 0.5 వోల్టులు పోతే దారిలో పావు ఓము ఉందన్నమాట. అది వైరు కావచ్చు, కనెక్టర్ కావచ్చు, చిన్న టాక్ట్ స్విచ్చు కావచ్చు. 28 గేజి జంపర్ వైరు మీటరుకి సుమారు 0.21 ఓములు. 20 సెంటీమీటర్ల వైర్లు రెండు, ప్లస్‌కి ఒకటి, గ్రౌండ్‌కి ఒకటి కలిస్తే 0.085 ఓములు, అంటే 170 మిల్లీవోల్టులు వైర్లలోనే ఆవిరి. రెండు కొసల్లో క్రింపులు, బ్రెడ్‌బోర్డు స్ప్రింగులు కలిపితే అంతకు రెట్టింపు కావడం వింతేమీ కాదు. గ్రౌండ్ వైపు పోయేదాన్ని అందరూ మరిచిపోతారు. ప్రోబ్ గ్రౌండుని రెగ్యులేటర్ గ్రౌండు మీద, మొనని మాడ్యూల్ గ్రౌండు మీద పెడితే ఆ వాటా విడిగా కనిపిస్తుంది. రెండు కొసల్లో గుంట ఒకే లోతులో ఉంటే వైర్లు నిర్దోషులు. మాడ్యూల్ దగ్గర లోతుగా, రెగ్యులేటర్ దగ్గర తక్కువగా ఉంటే ఆ తేడా అంతా వైర్లదే.

రెండో ఆకారం వాలు. వంతు మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా వోల్టేజ్ ఏటవాలుగా జారుతూనే ఉంటుంది. ఇది కరెంట్ కొరత. రెగ్యులేటర్ తన హద్దు తాకేసింది, మిగతాది కెపాసిటర్ తన నిల్వలోంచి పెడుతోంది. రెగ్యులేటర్ 1 ఆంపియర్ దగ్గర ఆగిపోయి, 1,000 మైక్రోఫారడ్లు మిగతా 1 ఆంపియర్‌ని మోస్తుంటే 577 మైక్రోసెకన్లలో 0.58 వోల్టులు జారుతుంది. మొత్తం 2 ఆంపియర్లూ కెపాసిటరే మోసి 0.3 వోల్టుల లోపు నిలబెట్టాలంటే దాదాపు 3,850 మైక్రోఫారడ్లు కావాలి. మాడ్యూల్ పక్కన ఒక 100 మైక్రోఫారడ్ పెడితే సరిపోతుందని చెప్పేవాళ్లు ఈ భాగహారం ఒకసారి చేసి చూడాలి. వంతు మొత్తాన్ని మోయడం 100 మైక్రోఫారడ్ల తరం కాదు. రెగ్యులేటర్ స్పందించేదాకా ఉండే కొద్ది మైక్రోసెకన్ల అంచుని మాత్రమే అది కాస్తుంది.

ఆ అంచే మూడో ఆకారం. వంతు మొదట్లో సన్నని గాటు, వెంటనే కోలుకోవడం, వంతు ముగిశాక పైకి ఒక ఎగురు. రెగ్యులేటర్‌కి బలం ఉంది, మేలుకోవడమే ఆలస్యం. దీనికి మందు తక్కువ ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్) ఉన్న కెపాసిటర్‌ని మాడ్యూల్ పిన్నులకి ఆనించి పెట్టడం. ఆ ఎగురుని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 4.3కి సెట్ చేసిన సప్లై అర వోల్టు ఎగిరితే 4.8కి చేరుతుంది, అది మాడ్యూల్ హద్దు దాటడమే.

ఇక గుంట గుంటకీ మొదలయ్యే మట్టమే దిగుతూ పోతుంటే, మెట్లు దిగినట్టు, రెగ్యులేటర్ వెనక్కి వెళ్లాలి. రెండు వంతుల మధ్య తేరుకునేంత కరెంట్ కూడా మూలంలో లేదు. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే హామీ 500 మిల్లీ ఆంపియర్లే. సన్నటి పొడుగాటి యూఎస్‌బీ కేబులు, ముసలి లిథియం సెల్లు కూడా ఇదే చేస్తాయి. అంతర్గత రెసిస్టెన్స్ పావు ఓముకి చేరిన సెల్లు మీటర్‌లో 3.8 చూపిస్తూనే ప్రతి వంతులోనూ 3.3కి కూలుతుంది. కొత్త సెల్లు పెట్టగానే అంతా సర్దుకుంటే నేరం అక్కడిదే.

ఏ రెగ్యులేటర్ ఎక్కడ దెబ్బతింటుంది

ఏఎంఎస్1117 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అది 1 ఆంపియర్ చిప్పు, దాని డ్రాపవుట్, అంటే ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య ఉండాల్సిన కనీస తేడా, 1.3 వోల్టుల దాకా ఉంటుంది. యూఎస్‌బీ 5 వోల్టుల నుంచి 4 తీయడానికి దాన్ని పెడితే లోడు పడగానే 3.7 కిందికి జారుతుంది. ఎల్ఎం317 కూడా 1.5 ఆంపియర్ల భాగమే. అవుట్‌పుట్ కన్నా దాదాపు 2 వోల్టులు ఎక్కువ ఇన్‌పుట్ అడుగుతుంది. ఈ రెండూ ఈ పనికి పుట్టలేదు.

ఎక్కువమంది చేతికందేది ఎల్ఎం2596 బక్ (స్విచ్చులా వేసి ఆపుతూ వోల్టేజ్‌ని దించే) బోర్డు. డేటాషీట్ మీద 3 ఆంపియర్లు, 150 కిలోహెర్ట్జ్. 9 లేదా 12 వోల్టుల ఇన్‌పుట్ నుంచి 4 తీయమంటే చక్కగా తీస్తుంది. 5 వోల్టుల అడాప్టర్ నుంచి తీయమన్నప్పుడే మోసపోతాం. దాని లోపలి స్విచ్చు మాస్‌ఫెట్ కాదు, బైపోలార్ ట్రాన్సిస్టర్. పూర్తి లోడులో అదే ఒక వోల్టుకి పైగా తినేస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు 4.0 చూపించిన బోర్డు, వంతు మొదలవగానే 5 లోంచి తన వాటా మినహాయించుకుని మిగిలింది ఇస్తుంది. ఇన్‌పుట్ కేబుల్లో పోయేది దీనికి అదనం. ఇదే బోర్డుని 9 వోల్టుల అడాప్టర్‌కి మారిస్తే జబ్బు మాయమవుతుంది, ఎందుకో తెలియకుండానే చాలామంది సంతోషిస్తారు.

ఆ బోర్డు మీద నీలం ట్రిమ్‌పాట్ (స్క్రూ తిప్పి అవుట్‌పుట్ సెట్ చేసే రెసిస్టర్) కూడా ఒక ప్రమాదం. అవుట్‌పుట్‌కీ, దాన్ని చిప్పు గమనించే ఫీడ్‌బ్యాక్ పిన్నుకీ మధ్య ఉండేది అదే. లోపలి కాంటాక్ట్ ఒక్క క్షణం వదిలేసినా, అవుట్‌పుట్ సున్నా అయిందని చిప్పు భ్రమపడి పూర్తిగా తెరుచుకుంటుంది. ఇన్‌పుట్ 12 అయితే మాడ్యూల్ మీద దాదాపు 12. మాడ్యూల్ పొగ రాకుండానే చచ్చిపోయిన కేసుల్లో మొదట అనుమానించాల్సింది ఈ స్క్రూనే. శాశ్వతంగా ఉంచే పరికరాల్లో దాన్ని తీసేసి స్థిర రెసిస్టర్లు పెట్టడం మంచిది. ఎల్ఎం2596 రిఫరెన్స్ (చిప్పు పోల్చి చూసుకునే లోపలి వోల్టేజ్) 1.23 వోల్టులు కాబట్టి, గ్రౌండ్ వైపు 1 కిలోఓము, అవుట్‌పుట్ వైపు 2.25 కిలోఓములు పెడితే 4.0 వస్తుంది. నకిలీ చిప్పుల బెడదా ఉంది. 150 బదులు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టుకునేవి మార్కెట్లో చాలానే తిరుగుతున్నాయి. స్కోప్‌లో ఆ అల చూస్తే ఇట్టే దొరికిపోతాయి.

లీనియర్‌గానే (స్విచింగ్ లేకుండా, మిగులు వోల్టేజ్‌ని వేడిగా పోగొట్టేది) కావాలంటే ఎంఐసీ29302 లాంటి 3 ఆంపియర్ల తక్కువ డ్రాపవుట్ రెగ్యులేటర్ సరైన ఎంపిక. 5 వోల్టుల నుంచి 4.1 తీయడానికి దానికి అర వోల్టు లోపు తేడా చాలు. 1.24 రిఫరెన్స్‌తో అవుట్‌పుట్ వైపు 100 కిలోఓములు, గ్రౌండ్ వైపు 43 కిలోఓములు పెడితే 4.12 వస్తుంది. దానికీ ఒక చిరాకుంది. అవుట్‌పుట్ మీద ఎప్పుడూ కొద్ది మిల్లీ ఆంపియర్ల లోడు ఉండాలి, లేకపోతే మాడ్యూల్ నిద్రపోయినప్పుడు వోల్టేజ్ పైకి తేలుతుంది. ఒక చిన్న రెసిస్టర్ అడ్డంగా వేస్తే సరి. 12 నుంచి నేరుగా 4కి దించమని మాత్రం ఏ లీనియర్ చిప్పునీ అడగకూడదు. డేటా నడుస్తూ సగటున 300 మిల్లీ ఆంపియర్లు లాగినా 8 వోల్టుల తేడాకి 2.4 వాట్లు వేడిగా పోవాలి. హీట్‌సింక్ లేకపోతే చిప్పు వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. పది నిమిషాలు పనిచేసి పడిపోయి, కాసేపటికి లేచే పరికరం కనబడితే స్కోప్ కన్నా ముందు రెగ్యులేటర్ మీద వేలు పెట్టి చూడడం మేలు. 12 నుంచి 5కి బక్‌తో దించి, అక్కడి నుంచి లీనియర్‌తో 4కి రావడం వాహనాల్లాంటి చోట్ల బాగా కుదిరే పద్ధతి.

డయోడ్ చిట్కా మాటేమిటి? 5 వోల్టుల దారిలో ఒక 1ఎన్4007 వేస్తే 4.3 వస్తుందని అంటారు. వస్తుంది, కరెంట్ ఉన్నంతసేపు. నిద్రలో 1 మిల్లీ ఆంపియర్ లాగే మాడ్యూల్‌కి డయోడ్ మీద పోయేది 0.6 లోపే, అప్పుడు 4.4 దాటుతుంది. 2 ఆంపియర్లప్పుడు 1.1 దాకా పోతుంది. పైగా అది 1 ఆంపియర్ డయోడ్. నడుస్తోందని మెచ్చుకోవచ్చు గానీ దాని మీద పరికరం కట్టకూడదు.

స్కోప్ లేకపోతే

మాడ్యూల్‌నే అడగవచ్చు. ఏటీ+సీబీసీ కమాండ్‌కి సిమ్800ఎల్ తన సప్లై వోల్టేజ్‌ని మిల్లీవోల్టుల్లో చెబుతుంది. అది గుంట అడుగు కాదు కాబట్టి ఆ అంకె బాగుందని ఊరుకోకూడదు. బాగా లేకపోతే మాత్రం గట్టి సాక్ష్యమే. పడిపోయే ముందు సీరియల్‌లో ‘అండర్ వోల్టేజ్’ హెచ్చరిక కూడా పంపుతుంది. బాడ్ రేటుని (సీరియల్ వేగాన్ని) ఆటోలో వదిలేస్తే ఆ మాట బయటికి రాదు. రేటు స్థిరంగా పెట్టి చూడాలి. ఏమీ చెప్పకుండానే రీసెట్ అయితే, చెప్పేంత సమయం కూడా దొరకనంత నిట్టనిలువుగా పడిందని అర్థం.

పక్కనే ఉన్న మైక్రోకంట్రోలరూ పనికొస్తుంది. ఆర్డ్యునో యూనోలో ఒక అనలాగ్ రీడింగుకి సుమారు 100 మైక్రోసెకన్లు పడుతుంది. అంటే ఒక్కో గుంటలో అయిదు నమూనాలు చిక్కుతాయి. సప్లైని రెండు రెసిస్టర్లతో తగ్గించి ఒక పిన్నుకి ఇచ్చి, ఆగకుండా చదువుతూ అతి తక్కువ విలువని గుర్తుపెట్టుకుంటే చాలు. రిఫరెన్స్‌గా లోపలి 1.1 వోల్టులే వాడాలి. మామూలుగా వాడే 5 వోల్టులు కూడా అదే మూలం నుంచి వస్తూ అదే క్షణంలో కుంగుతుంటే, కొలబద్ద కూడా సరుకుతో పాటే కుంచించుకుపోయి గుంట కనిపించదు.

నెట్‌వర్కుతో పని లేకుండానే రెగ్యులేటర్‌ని పరీక్షించే దారి ఇంకా మంచిది. మాడ్యూల్ తీసేసి దాని చోట 2.2 ఓముల రెసిస్టర్, దానికి వరుసలో లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (మైక్రోకంట్రోలర్ పిన్నుతోనే పూర్తిగా ఆన్ అయ్యే ట్రాన్సిస్టర్ స్విచ్చు). 4.6 మిల్లీసెకన్లకోసారి 577 మైక్రోసెకన్ల పాటు ఆన్. కరెంట్ 1.8 ఆంపియర్లు, రెసిస్టర్‌లో సగటు వేడి ఒక వాటు లోపే. టవర్ దయ లేకుండా, గరిష్ఠ భారాన్ని గంటల తరబడి నడపవచ్చు. కొత్త సప్లై డిజైను మాడ్యూల్‌ని చూసే ముందు ఈ రెసిస్టర్‌ని చూడాలి.

సప్లైలా కనిపించే ఇతర జబ్బులు

యాంటెన్నా సరిగ్గా అతకకపోతే పంపిన శక్తి వెనక్కి తిరిగి, ట్రాన్స్‌మిటర్ లాగే కరెంట్ పెరుగుతుంది. అప్పుడు మంచి సప్లై కూడా కుంగినట్టు కనిపించవచ్చు. యాంటెన్నా రెగ్యులేటర్‌కి మరీ దగ్గరగా ఉంటే రేడియో తరంగాలు ఫీడ్‌బ్యాక్ తీగలోకి దూరి రెగ్యులేటర్‌నే తప్పుదారి పట్టిస్తాయి. సప్లై పిన్నుల దగ్గర 33, 10 పికోఫారడ్ల చిన్న కెపాసిటర్లు పెట్టమని మాడ్యూల్ డిజైన్ గైడ్లు చెప్పేది ఇందుకే. మొదటిది 900, రెండోది 1800 బ్యాండు కోసం. యాంటెన్నాని కేబులుతో దూరం జరిపి చూస్తే ఈ అనుమానం నిమిషంలో తీరిపోతుంది.

రీసెట్ అవకుండా ఎంతకీ రిజిస్టర్ మాత్రమే కాకపోతే అది సప్లై గొడవ కాకపోవచ్చు. 2జీ నెట్‌వర్కులు చాలా దేశాల్లో మూతపడ్డాయి. లేని టవర్‌ని ఏ కెపాసిటరూ తెచ్చిపెట్టదు. ఎల్‌టీఈ (4జీ) మాడ్యూళ్ల గరిష్ఠ ప్రసార శక్తి 23 డీబీఎం, అంటే 0.2 వాట్లే. వాటిలో ఇంత నిలువు గుంటలు ఉండవు. కానీ 2జీకి దిగే వెసులుబాటు ఉన్న సిమ్7600 లాంటి వాటికి సప్లైని 2 ఆంపియర్లకే కట్టాలి. ఎప్పుడు దిగుతాయో వాటి చేతిలో ఉండదు.

అన్నీ సరిచేసి, 2,200 మైక్రోఫారడ్లు పెట్టాక కొత్తగా వచ్చే తలనొప్పి ఒకటుంది. మాడ్యూల్ బిగుసుకుపోయింది, సప్లై ఒక సెకను తీసి పెట్టారు, అయినా లేవదు. ఆఫ్‌లో ఉన్న మాడ్యూల్ లాగేది పదుల మైక్రో ఆంపియర్లు. 50 మైక్రో ఆంపియర్లతో ఆ కెపాసిటర్ ఖాళీ కావాలంటే రెండున్నర నిమిషాలు దాటుతుంది. ఆ సెకనులో వోల్టేజ్ అసలు పడలేదు, మాడ్యూల్‌కి కరెంట్ పోయిన సంగతే తెలియలేదు. దీనికి తోడు మైక్రోకంట్రోలర్ టీఎక్స్ (డేటా పంపే) పిన్ను 5 వోల్టుల దగ్గరే ఉండిపోతే, మాడ్యూల్ లోపలి రక్షణ డయోడ్ల గుండా కరెంట్ దొంగదారిన సప్లైలోకి ఎక్కి దాన్ని సగం ప్రాణంతో నిలబెడుతుంది. సప్లై తీసేటప్పుడు టీఎక్స్‌ని ఇన్‌పుట్‌గా మార్చాలి. కెపాసిటర్‌కి అడ్డంగా ఒక చిన్న ట్రాన్సిస్టర్‌తో 100 ఓముల రెసిస్టర్ వేసి నిల్వని దింపేయాలి. అప్పుడు ఒక సెకను చాలు. ఖాళీ అయిందో లేదో చూడ్డానికి మల్టీమీటర్ సరిపోతుంది. ఇది నెమ్మదిగా జరిగే పని కాబట్టి దాని మాట ఇక్కడ నమ్మవచ్చు.